ఎవరి వంతూ కాని నెల

మొన్న ఆదివారం పొద్దున ప్రసాద్ అన్నయ్య ఫోన్ చేశాడు. మా పెదనాన్న కొడుకు. దిల్‌సుఖ్‌నగర్‌లోని మా పాత ఇల్లు పడగొట్టి మూడంతస్తులుగా కట్టించి, ఈమధ్యే గృహప్రవేశం చేసుకున్నాడు. "ఒరేయ్ మురళీ, కింద ముందు గది రాజ్యం అత్త కోసం ఖాళీగా ఉంచాన్రా. బాత్రూం కూడా దాంట్లోనే పెట్టించాను. డెబ్బై దాటినావిడ ఇంకా ఆ హాస్టల్లో గరిటె పట్టుకుని నిలబడటం ఏంటి? నేను పిలిస్తే నవ్వి ఊరుకుంటోంది. నువ్వు చెబితే వింటుంది. వెళ్ళి తీసుకురా" అన్నాడు. అన్నయ్య మాటలో కల్మషం లేదు. నిజంగానే ఆమెకోసం కట్టించాడు. ఫోన్ పెట్టేశాక నేను మళ్ళీ పనిలో కూర్చున్నాను కానీ చెయ్యి సాగలేదు. కోచింగ్ పుస్తకాలకు వెనక వేసే జవాబులు సరిచూడటం నా వృత్తి. ఒక జవాబును మూడుసార్లు సరిచూసి మూడుసార్లూ తప్పుగా చూశాను. పాత ఇంట్లో అదే ముందు గది కోసం మా మేనత్త ఎంత ఎదురుచూసిందో నేను పక్కనే ఉండి చూసినవాణ్ణి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఆమెకు నలభై దాటాయి.

ఆ ఇంట్లో మొదట ఒకటే పొయ్యి ఉండేది. మావాళ్ళు గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థలం కొనుక్కున్నవాళ్ళు. పెదనాన్నది కరెంటాఫీసులో ఉద్యోగం. మా నాన్న బట్టల దుకాణంలో లెక్కలు చూసేవాడు. బాబాయి మందుల కంపెనీ సంచి భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. ముగ్గురి సంసారాలూ, నాయనమ్మా, పెళ్ళయిన రెండో ఏడే పుట్టింటికి తిరిగొచ్చేసిన రాజ్యం అత్తా, అందరం ఒకే వంటింటి చుట్టూ తిరిగేవాళ్ళం. తెల్లవారకముందే కాఫీ డికాక్షన్ వాసన లేచేది. దాని వెనకాలే పెదనాన్న గడ్డం గీసుకునే సబ్బు వాసన, తడిసిన పిడకల మీంచి పక్కింటి యాదమ్మ గేదెల వాసన. పదింటికి ఇంగువ తాలింపు. మధ్యాహ్నం ఎండకు పెరట్లో ఆరే బట్టల వాసన. ఎవరు దగ్గినా ఏ గదిలోంచి దగ్గారో, ఎందుకు దగ్గారో అందరికీ తెలిసేది. బాబాయి చిరాగ్గా ఇంటికొస్తే, ఆయన చెప్పులు విప్పకముందే వంటింట్లో గిన్నెల చప్పుడు మారిపోయేది.

నాయనమ్మకు ఒక అలవాటుండేది. ఇంట్లోంచి ఎవరైనా గబగబా బయలుదేరుతుంటే గేటు దగ్గర ఆపేది. "ఒక్క నిమిషం కూర్చుని వెళ్ళు. అంత విసురుగా పోయినవాడు దూరం పోతాడు" అనేది. వెనక్కి వచ్చి, వసారాలో కుర్చీ మీద కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి మరీ వెళ్ళాలి. బడికి వెళ్ళే మాకూ అంతే, ఊళ్ళు తిరిగే బాబాయికీ అంతే, గ్యాస్ బండ దింపి వెళ్ళే మనిషికి కూడా అంతే. ఆయన నవ్వుకుంటూ కూర్చుని నీళ్ళు తాగి పోయేవాడు. నాయనమ్మ ఇంట్లో లేనప్పుడు ఆ పని అత్త చేసేది.

నాయనమ్మ పోయింది. కర్మలన్నీ అయ్యాక వారం తిరక్కుండానే మూడు పొయ్యిలు వెలిగాయి. పెద్ద గొడవేమీ కాలేదు. పెద్దమ్మ తన బీరువాను నాయనమ్మ గదిలోకి జరిపింది. బీరువా పోయిన చోట బాబాయి వాళ్ళ మంచం వచ్చింది. మంచం పోయిన చోటికి మా కుట్టుమిషను. ఒకటి కదిలితే అన్నీ కదిలాయి. మూడు నాలుగు రోజులు ఇల్లంతా సామాను ఈడ్చే చప్పుడు. తర్వాత ఒక్కసారిగా ఆగిపోయింది. నాయనమ్మ గది పెదనాన్న వాళ్ళ వంటిల్లయింది. మధ్య గదులు మావి. మేడ మీదవి బాబాయివి. అప్పటికప్పుడు ఎక్కడ ఆగినవి అక్కడే ఉండిపోయాయి. కుట్టుమిషను సగం గుమ్మానికి అడ్డంగా ఉండేది, మేం పక్కకు తిరిగి దూరేవాళ్ళం. బియ్యం డ్రమ్ము మెట్ల కింద, దేవుడి పటాలు పడమటి గోడకు. అన్నీ "నాలుగు రోజులకు" పెట్టినవే. ఏళ్ళు గడిచినా అలాగే ఉన్నాయి.

ఆ సర్దుబాటులో చోటు దొరకని మనిషి అత్త ఒక్కతే. నాయనమ్మ పక్కన పడుకునేది కాబట్టి, నాయనమ్మ గది పోవడంతో ఆమె గదీ పోయింది. మడత మంచం వసారాలోకి, ట్రంకుపెట్టె మెట్ల కిందికి వెళ్ళాయి. భోజనానికి వంతులు వేసుకున్నారు. నాయనమ్మ మాసికాలు తిథుల ప్రకారం జరుగుతున్నాయి కనక వంతులు కూడా తెలుగు నెలల ప్రకారమే. ఒక నెల పెదనాన్న ఇంట్లో, ఒక నెల మా ఇంట్లో, ఒక నెల బాబాయి ఇంట్లో. అమావాస్య మర్నాడు అత్త తన కంచమూ గ్లాసూ తీసుకుని ఒక వంటింట్లోంచి ఇంకో వంటింట్లోకి నడిచేది. ముందు గదిలో మాత్రం ఎవరూ ఉండటంలేదు. ఉమ్మడిగా ఉన్నప్పటి గంగాళాలు, రుబ్బురోలు, పట్టెమంచాలు అందులో పడేసి తాళం వేశారు. తన వాటా ముందు ఎవరు తీసుకుంటే వాళ్ళు తక్కువ తీసుకున్నట్టవుతుందని ముగ్గురికీ భయం. "కాస్త ఓపిక పట్టు రాజ్యం. అన్నీ సర్దుకున్నాక ఆ గది నీకే" అని పెదనాన్న అందరి ముందూ చెప్పాడు. అత్తకు కావలసింది అదొక్కటే. తలుపు వేసుకుని పడుకోగలిగిన ఒక గది. రోజూ సాయంత్రం ఆ కిటికీ కింద ముగ్గు చెరిగిన చోట నీళ్ళు చల్లుతూ లోపలికి తొంగి చూసేది.

నా చదువు డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. మెయిన్ రోడ్డు మీద ఒక కోచింగ్ సెంటర్లో ప్రశ్నపత్రాలకు బొమ్మలు గీసే పని దొరికింది. కప్పీలు, వాలుబల్లలు, కటకాలు. అక్కడ ఫిజిక్స్ చెప్పే మాస్టారు ఒకాయన టీ తాగుతూ నాకు ఒక సంగతి చెప్పారు. బకెట్లో వేణ్ణీళ్ళూ చన్నీళ్ళూ కలిపితే కాసేపటికి అంతా గోరువెచ్చగా అయిపోతుంది. అక్కడ ప్రతి కణమూ పక్కదానితో గుద్దుకుంటూ తన వేడి పంచుకుంటుంది కాబట్టి త్వరగా సర్దుకుంటుంది. నక్షత్రాల గుంపు అలా కాదు. అవి ఒకదాన్నొకటి గుద్దుకోవు. కానీ ప్రతీదీ ప్రతీదాన్నీ లాగుతుంది, ఎంత దూరంలో ఉన్నా సరే. అలాంటి గుంపును కదిపితే మొదట పెద్ద కలకలం, చూస్తుండగానే ఒక ఆకారానికి వచ్చి ఆగినట్టుంటుంది. "కానీ అది ఆగడం కాదయ్యా. మధ్యలో ఇరుక్కోవడం. అసలు సర్దుబాటు ఇంకా ఎంతో దూరంలో ఉంటుంది. గుంపులో సంఖ్య పెరిగేకొద్దీ అది ఇంకా ఆలస్యమవుతుంది" అన్నారు. నేను నమ్మలేదు. పదిమంది చెయ్యి వేస్తే పని త్వరగా తెమలాలి కదా. ఆయన నవ్వి, "అయితే లెక్క వేసి చూడు" అని తన పాత సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఇచ్చారు.

లెక్కకు ఒక సులువు కూడా ఆయనే చెప్పారు. చుక్కలన్నిటినీ ఒక వలయం మీద తిరగనివ్వాలి. ప్రతి చుక్కా ప్రతి చుక్కనూ లాగుతుంది. అయినా ఒక్కొక్క జతనూ విడివిడిగా లెక్కించనక్కర్లేదు. అన్ని చుక్కల స్థానాల నుంచీ రెండు సగటులు తీస్తే చాలు. ఏ చుక్క అయినా ఆ రెండు సగటులను బట్టే కదులుతుంది. అది విన్నప్పుడు నాకు మా ఇల్లే గుర్తొచ్చింది. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఒక మాట అనేవారు కాదు. ఇల్లు మొత్తం ఎటు మొగ్గుతోందో చూసుకుని అందరూ అటు నడిచేవాళ్ళు.

లెక్క మొదలుపెట్టేందుకు నాకు చోటు కావాలి, తోడు కావాలి. రెండూ అధిక మాసంలో దొరికాయి. మూడేళ్ళకోసారి వచ్చే అధిక మాసం ఆ ఏడు భాద్రపదానికి వచ్చింది. వంతులు వేసుకున్నప్పుడు దాని సంగతి ఎవరికీ తోచలేదు. అమావాస్య నాడు వసారాలో అన్నదమ్ములు ముగ్గురూ పంచాంగం ముందేసుకుని కూర్చున్నారు.

"శ్రావణంతో నా నెల అయిపోయింది" అన్నాడు పెదనాన్న.

"నిజ భాద్రపదం నాది. నేను కాదనడం లేదు" అన్నాడు మా నాన్న. "ఇది అధికం. ఇది ఎవరి లెక్కలోకీ రాదు."

"ఈ నెల్లో పెళ్ళిళ్ళే చెయ్యరు. ఇంక వంతేమిటి?" అన్నాడు బాబాయి.

లోపల్నుంచి మా అమ్మ, "ఆ నాలుగు మెతుకులు మనింట్లో తింటుందిలెండి" అంది. నాన్న గొంతు తగ్గించి, "ఒకసారి ఒప్పుకుంటే అదే ఆనవాయితీ అవుతుంది. నువ్వూరుకో" అన్నాడు. అత్త పక్కనే మంచం మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చేతిలో కాయ పూర్తిచేసి, "ఈ నెల నేనే వండుకుంటాలే అన్నయ్యా. ఎంత, ఒక్క నెలేగా" అంది. ముగ్గురికీ ప్రాణం తెరిపిన పడింది. పంచాంగం మూసేశారు.

ఈ మాటలన్నీ ప్రహరీ అవతల పాలు పిండుతున్న యాదమ్మకు వినపడ్డాయి. ఆమెది ఇక్కడి ఊరే, మా కాలనీ పొలాలుగా ఉన్నప్పటి మనిషి. మర్నాడు పొద్దున పాలచెంబుతో పాటు ఒక కిరోసిన్ స్టవ్ తెచ్చి గోడ మీద పెట్టింది. "ఏంది రాజ్యమ్మా, గింత పెద్ద ఇల్లు, ఒక్క ఆడమనిషికి బువ్వ పెట్టనీకి పంచాంగం చూస్తున్నరు? నా పాత స్టవ్ ఉన్నది, తీస్కపో. జర వత్తులు మార్సుకుంటె మంచిగ మండుతది" అంది.

"గట్టిగా అనకు యాదమ్మా, వింటారు."

"ఇననియ్యి. నేను గేదెతోని మాట్లాడుతున్న."

అత్త కాపురం డాబా మీదికి ఎక్కింది. నీళ్ళ ట్యాంకు పక్కన రెండు సిమెంటు రేకులు వేసిన చిన్న నీడ ఉండేది. స్టవ్, రెండు గిన్నెలు, ఉప్పు, చింతపండు. వాన పడితే రేకుల మీద మోతకు మాట వినపడేది కాదు. కిరోసిన్ వాసన కలిసిన పప్పుచారు రుచి ఎలా ఉంటుందో ఈ తరానికి చెప్పలేను. నేను పని నుంచి వచ్చి, వాడేసిన పరీక్ష కాగితాలు తిరగేసి, వాటి వెనక లెక్క వేసుకుంటూ అక్కడే కూర్చునేవాణ్ణి. రెండో రోజో మూడో రోజో అత్త వచ్చి, "కూడికలుంటే నాకు ఇవ్వరా. ఊరికే కూర్చోలేను" అంది. సగటులూ లాగుడూ నేను లెక్కించేవాణ్ణి. ఆ లాగుడును చుక్క వేగానికి కలపడం, వేగాన్ని స్థానానికి కలపడం ఆమె చేసేది. నెమ్మదిగా, విసుగు లేకుండా, ఒక్కో అంకెనూ పైకి చదువుకుంటూ. ఆ నెలలో ఆమె పాడింది కూడా. అంతకుముందు ఆమె పాడగా నేను వినలేదు. ఏ వంటింట్లోనైనా గొంతు విప్పితే ఎవరికో ఒకరికి అడ్డమవుతుందని కాబోలు.

మొదట చుక్కలన్నిటినీ వలయం అంతటా పరిచి, వేగాలు తక్కువ నుంచి ఎక్కువదాకా సమానంగా పంచాను. మాస్టారు చెప్పినట్టే కలకలం మొదలైంది. చుక్కలు ఒకవైపు గుమిగూడాయి, చెదిరాయి, మళ్ళీ గుమిగూడాయి. తర్వాత ఆగిపోవలసిన చోట ఆగలేదు. రోజురోజుకూ ఇంకా దగ్గరవుతూ, ముచ్చటగా, చలికాలం పొయ్యి చుట్టూ చేరినట్టు సర్దుకుంటూ వచ్చాయి. మాస్టారు చెప్పింది తప్పని తేలుతోందని నాకు ఉబలాటం. కానీ లెక్క వేసేవాడికి ఒక ధర్మం ఉంది. వేగాల్లో ఉన్న శక్తీ, దగ్గరితనంలో ఉన్న శక్తీ కలిపితే వచ్చే మొత్తం మారకూడదు. సరిచూస్తే మొత్తం తగ్గుతూ ఉంది. నా పద్ధతి మోటుది, దాని వల్ల తప్పు వస్తే కాస్త పెరగాలి. ఇది తగ్గుతోంది, అదీ ప్రతిసారీ. పొరపాటు చేసేవాడి పొరపాటు అటూ ఇటూ ఉంటుంది. ఎప్పుడూ ఒకే వైపు వస్తుంటే అది పొరపాటు కాదు, అలవాటు. కాగితాలు వెనక్కి తిప్పుకుంటూ వెళ్ళాను.

"అత్తా, ఈ చుక్క వేగం రావలసిన దానికంటే తక్కువ వేశావేం?"

స్టవ్ మీద మూకుడు దించుతూ తొంగి చూసింది. "ఏది? అదా. అది గుంపులోంచి బయటికి పోతోంది కదరా."

"పోతే?"

"కాస్త తగ్గించాను."

"తగ్గించావా!"

"అరవకు. కాస్తే. చివరి అంకె. ఎవర్నైనా అంత విసురుగా పోనిస్తామా? ఒక్క నిమిషం కూర్చోబెట్టాను, అంతే."

"మరి లోపలికి వచ్చేవాటికి?"

"వచ్చేదాన్ని నేనెందుకు ముట్టుకుంటాను? రానీ."

పొట్ట పట్టుకుని నవ్వాను. ఆమె కూడా నవ్వింది. రోజుల తరబడి, పోయే ప్రతి చుక్కనూ ఆమె గేటు దగ్గర ఆపి గుక్కెడు నీళ్ళు ఇస్తూ వచ్చింది. ఆ చుక్కలు అందుకే అంత చక్కగా సర్దుకున్నాయి. నవ్వు ఆగాక, "నిజంగా అయితే ఎవరూ ఆపరా?" అని అడిగింది. "ఆపరు అత్తా. దాని వేగం దానిదే. తీసుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. పోయేదాన్ని గుంపు మొత్తం ఎంత వెనక్కి లాగితే అంతే" అన్నాను. "అయితే నేను పాడుచేసిన కాగితాలన్నీ మళ్ళీ వేద్దాం" అని ఆమే చాప పరిచింది.

మళ్ళీ వేశాం. ఈసారి ఆమె చివరి అంకెదాకా కచ్చితంగా వేసింది. పోయేదాని దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఒకసారి నా ముఖం వైపు చూసేది. కలకలం, గుమిగూడటం, తర్వాత ఆగిపోవడం. సగమే సర్దుకున్న ఆకారం ఒకటి, వలయం మీద అలా నిలబడిపోయింది. చుక్కల సంఖ్య సగానికి తగ్గించి వేస్తే అది కాస్త త్వరగా కరిగి సర్దుబాటు వైపు కదిలింది. అన్ని కొద్ది చుక్కలతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. అయినా అత్తకు చెప్పాను. సంఖ్య ఎక్కువైనప్పుడు ఒక్కరి తేడా మొత్తంలో కనపడదు. ఆ మొత్తమేమో అందర్నీ ఉన్నచోటే తిప్పుతుంటుంది. అందుకే ఆలస్యం.

ఆమె చాలాసేపు పిట్టగోడకు ఆనుకుని నిలబడింది. కింద ముందు గది కిటికీ మూసి ఉంది. "మన ఇంట్లో నన్ను కలిపి పదమూడు మందిమి" అంది. నేను నవ్వేసి, మనుషులు చుక్కలు కారన్నాను. "కారులే" అంది. ఆ సాయంత్రమే దిగివెళ్ళి పెదనాన్నను అడిగింది. గది గురించి ఆమె నోరు తెరిచి అడగడం అదే మొదటిసారి. ఆయన విసుక్కోలేదు. "సామాను తియ్యాలి కదమ్మా. వాళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావాలి. అన్నీ సర్దుకోనీ" అన్నాడు. ఆయన దృష్టిలో అది నిజమే.

మర్నాడు యాదమ్మ గోడ మీంచి చెప్పింది. "నా చెల్లె బిడ్డ ఎల్బీనగర్ల ఆడపిల్లల హాస్టల్ పెట్టింది. వంట చేసెటోళ్ళు కావాల్నంటున్నది. రూమ్ ఇస్తది, తిండి ఇస్తది. పోతవా?"

"తాళం నా దగ్గరే ఉంటుందా?"

"నీ రూమ్ తాళం ఇంకెవరి తాన ఉంటది, పిచ్చిదానా!"

అధిక మాసం ఆఖరి రోజున అత్త వెళ్ళింది. నేను ఆటో పిలుచుకొచ్చాను. ట్రంకుపెట్టె ఎక్కించాను. నాన్నా బాబాయీ వసారాలో నిలబడ్డారు. పెద్దమ్మ బొట్టు పెట్టింది. అమ్మ ఏడ్చింది. ఎవరూ వెనక్కి పిలిచి కూర్చోబెట్టలేదు. ఆ పని చేసే మనిషే వెళ్ళిపోతోంది.

తర్వాత జరిగినదే నాకు చాలాకాలం మింగుడుపడలేదు. ఇల్లు సర్దుకుంది. వంతు లేకపోయేసరికి పంచాంగం తగాదా లేదు. చవితికి ముందు ముగ్గురూ కలిసి ముందు గది తాళం తీశారు. గంగాళాలు నవ్వుకుంటూ పంచుకున్నారు. వినాయకుణ్ణి ఆ గదిలోనే కూర్చోబెట్టారు. ఉండ్రాళ్ళు మూడు వంటిళ్ళకూ కలిపి ఒకే చోట చేశారు. అన్నదమ్ములు మళ్ళీ సాయంత్రాలు ఒకచోట కూర్చోసాగారు. కుట్టుమిషను కూడా గుమ్మంలోంచి జరిగింది. అందరి ముఖాల్లోనూ ఒక తేట. నేను మాత్రం డాబా మీద ఒక్కణ్ణే కూర్చుని, ఏ లెక్కలో ఏ అంకె మారి ఇలా అయిందో తెలియక కాగితాలు చూసుకుంటూ ఉండేవాణ్ణి. ఆదివారాలు ఎల్బీనగర్ వెళ్ళి అత్తను చూసి వచ్చేవాణ్ణి. ఇంట్లో సంగతులు చెబితే, "మంచిదే కదరా" అనేది.

దానికి జవాబు చాలా ఏళ్ళ తర్వాత, ఇంగ్లీషు వ్యాసాలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదవడం అలవాటయ్యాక దొరికింది. నా వలయానికి బయట అనేది లేదు. పోయిన చుక్క తిరిగి రావలసిందే. నిజమైన నక్షత్రాల గుంపుకు బయట ఉంది. లోపలి లాగులాటల్లో ఎప్పుడో ఒక నక్షత్రానికి తన వాటాకు మించిన వేగం వచ్చిపడుతుంది. అది గుంపు దాటి వెళ్ళిపోతుంది, ఇక రాదు. అది తీసుకుపోయిన శక్తి మేరకు మిగిలినవి ఇంకా దగ్గరికి చేరతాయి. సర్దుకోవడం అక్కడ అలా జరుగుతుంది. మిగిలినవాళ్ళ దగ్గరితనం, వెళ్ళినవాళ్ళు పట్టుకుపోయిన దానితో ఏర్పడుతుంది. అందులో తప్పు చేసినవాళ్ళెవరూ ఉండరు. ఆ పేజీ చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు బయట నడిచాను.

ఇప్పుడు నాగోల్లో, ఒక అపార్టుమెంటు నాలుగో అంతస్తులో ఉంటున్నాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకంటే ఒక్క కారణం చెప్పలేను. అమ్మా నాన్నా పోయారు. నా ల్యాప్‌టాప్ వేల చుక్కలను ఒక కప్పు టీ చల్లారేలోపు తిప్పేస్తుంది. చివరి అంకెదాకా నిక్కచ్చిగా వేస్తుంది. ఎవరినీ ఆపదు. మాస్టారి మాట నిజమని ఎన్నోసార్లు చూశాను. కూర కర్రీ పాయింట్ నుంచి వస్తుంది, అన్నం నేను వండుకుంటాను. ఎదురింటివాళ్ళు లిఫ్టులో కలిస్తే తల ఊపుతారు. దగ్గితే గోడ దాటి పోదు. ఆ పాత ఇంట్లో నేను ఒక పూట అలిగి తినకపోతే మూడు వంటిళ్ళలో అన్నం మిగిలేది. ఇక్కడ నేను నెల రోజులు తినకపోయినా ఎవరి గిన్నెలోనూ తేడా రాదు. అప్పటి ఇరుకుకు ఊపిరాడేది కాదని చెప్పుకుంటూ ఉంటాను. అది నిజం. ఆ ఇరుకు లేకుండా ఊపిరి పీల్చి ఏం చేస్తున్నానన్నది మాత్రం నేను లెక్క తేల్చలేదు.

ఆదివారం సాయంత్రం షేర్ ఆటోలో ఎల్బీనగర్ వెళ్ళాను. ఫ్లైఓవర్ల కింద దిగి, కోచింగ్ బోర్డుల మధ్య సందులోకి తిరిగితే హాస్టల్. అప్పుడు రెండు గదుల ఇల్లు, ఇప్పుడు ఐదంతస్తులు. వంటకు వేరే ఇద్దరున్నారు. అత్త హాల్లో ఒక స్టూలు మీద కూర్చుని కొత్తిమీర కాడలు విడదీస్తూ ఇద్దరి మీదా అజమాయిషీ చేస్తోంది. నన్ను చూసి పక్కన కుర్చీ జరిపింది.

"ప్రసాద్ అన్నయ్య నీకోసం గది కట్టించాడు అత్తా."

"ఫోటో పంపాడు. టైల్స్ బాగున్నాయి."

"వస్తావా మరి?"

చేతిలోని కొత్తిమీర కట్ట పూర్తిచేసింది. "వాడు మంచివాడు. వాళ్ళ నాన్నా మంచివాడే. అప్పుడు ఆ గది నాకు కావాల్రా. ప్రాణం అంతా దాని మీదే ఉండేది. ఇప్పుడు వెతుక్కున్నా ఆ ఆశ దొరకడం లేదు. లేని ఆశ ఉన్నట్టు వెళ్ళి కూర్చోలేను. వాడికి కోపం రాకుండా చెప్పు."

"ఒంట్లో బాగాలేకపోతే ఎవరు చూస్తారు?"

"ఇంతమంది పిల్లలున్నారు. మొన్న జ్వరమొస్తే దవాఖానకు తీసుకెళ్ళి సూది వేయించేదాకా ఊరుకోలేదు, రాక్షసులు." అని, చేతులు దులుపుకుని నన్ను పరీక్షగా చూసింది. "ఆ గదిలోకి నువ్వు వెళ్ళరాదూ?"

"నేనా?"

"నువ్వే. ఏం తింటున్నావో, రోజూ ఎవరితో మాట్లాడుతున్నావో. వాళ్ళ పిల్లలకు లెక్కలు చెప్పుకోవచ్చు. అడిగితే ప్రసాద్ కాదంటాడా?"

"కాదనడు. అడుగుతాలే."

"అడగవు. మీ నాన్న పోలిక."

తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకున్న అమ్మాయి ఒకతి కంచం పట్టుకొచ్చింది. "అమ్మమ్మా, పెరుగు ఒడిసిందా? గీ అంకుల్ ఎవరు?"

"అయిపోలేదే, ఉంది. వీడు మా అన్నయ్య కొడుకు."

"బువ్వ పెట్టినవా మరి? ఒట్టిగ కూసోబెట్టినవ్."

నాకూ ఒక కంచం వచ్చింది. పొడవాటి బల్ల చివర కూర్చున్నాను. అమ్మాయిలు కాసేపు గొంతు తగ్గించుకుని, తర్వాత నన్ను మరిచిపోయి మళ్ళీ గోలలో పడ్డారు. దొండకాయ వేపుడు, సాంబారు. చాలా రోజుల తర్వాత ఎవరో వడ్డించగా తిన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి గేటు దగ్గరి ఆవిడ, మగవాళ్ళు ఉండే టైం అయిపోయిందని సైగ చేసింది. అత్త లేవబోతే నేనే వద్దన్నాను.

రోడ్డు మీదికి వచ్చి అన్నయ్యకు ఫోన్ చేశాను.

"ఏమందిరా?"

"రానంది అన్నయ్యా. కోపమేం లేదు. అక్కడ బాగుందట."

 వెనక వాళ్ళింట్లో టీవీ, పిల్లల పోట్లాట, వదిన ఎవరినో భోజనానికి కేకేయడం వినిపిస్తున్నాయి. "గాలీ వెలుతురూ వచ్చే గదిరా. తాళం వేసి ఉంచడం నాకిష్టం లేదు" అన్నాడు. "మనవాళ్ళలో ఇంకెవరైనా ఉన్నారా, అలా ఒంటరిగా ఉండేవాళ్ళు?"

నేను ఆలోచిస్తున్నట్టు కాస్త ఆగాను.

"ఎవరూ లేరన్నయ్యా" అన్నాను.